కరెంటు పట్టీల మీద మందు మోతాదు ఎక్కడ రాసి ఉంది?

గౌరవనీయులైన సంపాదకుల వారికి,

నమస్కారం. మీ పత్రిక శ్రీకాకుళం జిల్లా సంచిక ప్రతి ఉదయం ఇచ్ఛాపురం మీదుగా మా బరంపురానికి వస్తుంది. కొన్ని వారాలుగా దాని మడతలో ఒక రంగుల కరపత్రం కూడా వస్తోంది. ఒకవైపు తెలుగు, రెండోవైపు ఒడియా. సన్నని కరెంటుతో మందును చర్మం గుండా లోపలికి పంపే పట్టీ తమ దగ్గర దొరుకుతుందనీ, మోకాళ్ల నొప్పులకూ, భుజం పట్టేయడానికీ, పక్షవాతానికీ, చివరకు చక్కెర వ్యాధికి కూడా ఇక మాత్రలతో, సూదులతో పని లేదనీ అందులో ఉంది. ఆ కరపత్రం ప్రతిని ఈ లేఖకు జతచేస్తున్నాను. అది మీరు అచ్చువేసిన కాగితం కాదనీ, ఏజెంటు స్థాయిలో పత్రికల్లో చేర్చి పంచినదనీ నాకు తెలుసు. కానీ పత్రిక మడతలోంచి వచ్చిన కాగితాన్ని పత్రిక మాటగానే తీసుకునే పాఠకులు మావైపు చాలామంది ఉన్నారు కనుక మీకే రాయడం ఉచితమనిపించింది.

నేను బరంపురంలో మందుల దుకాణం నడుపుతున్న ఫార్మసిస్టును. కరెంటుతో మందు ఎక్కించడమన్నది బూటకమని చెప్పడానికి ఈ లేఖ రాయడం లేదు. అది వందేళ్లకు పైబడిన విద్య, కొన్ని పనులకు ఈనాటికీ దాన్ని మించిన సాధనం లేదు. నా అభ్యంతరం వేరు. మాత్ర అయితే ఎన్ని మిల్లీగ్రాములో రేకు మీద ఉంటుంది. ఈ పద్ధతిలో మాత్రం మోతాదు మందు సీసాలో ఉండదు, ఎంత కరెంటు, ఎంతసేపు అన్న లెక్కలో ఉంటుంది. ఆ రెండు అంకెలూ చెప్పకుండా, లోపల ఏ మందు ఉందో చెప్పకుండా, ప్లస్ ఏదో మైనస్ ఏదో చూపకుండా అమ్మే వస్తువును మందు అనడానికి వీల్లేదు. మాకు వచ్చిన కరపత్రంలో గానీ, పెట్టె మీద గానీ ఈ నాలుగింటిలో ఒక్కటీ లేదు.

విషయం తెలియాలంటే ముందు చర్మం సంగతి చెప్పాలి. మన చర్మానికి అన్నిటికంటే పైనున్న పొర మందం పది నుంచి ఇరవై మైక్రాన్లకు మించదు. చచ్చిన కణాలు పెంకుటింటి కప్పులా ఒకదాని మీద ఒకటి పరుచుకుని, ఆ సందులన్నీ కొవ్వు పదార్థంతో మూసుకుపోయి ఉంటాయి. వానకు తడిసినా లోపలికి నీరు దిగకపోవడానికీ, ఒంట్లోని నీరు బయటికి ఆవిరైపోకపోవడానికీ కారణం ఆ పొరే. దాన్ని దాటి తనంతట తాను లోపలికి వెళ్లగలిగేది చిన్న అణువు, అదీ కొవ్వులో కరిగే గుణమున్న అణువు. అణుభారం 500 డాల్టన్లు దాటితే ఆ దారి దాదాపు మూసుకున్నట్టే. పొగతాగడం మానడానికి వాడే నికోటిన్ పట్టీ, గుండెనొప్పికి వాడే నైట్రోగ్లిజరిన్ పట్టీ, క్యాన్సర్ నొప్పికి వాడే ఫెంటానిల్ పట్టీ, ఇవన్నీ అలాంటి అణువులతో చేసినవే. వీటిలో కరెంటు లేదు, బ్యాటరీ లేదు. అమెరికాలో మొదటిసారి అనుమతి పొందిన మందు పట్టీ 1979లో ప్రయాణంలో వచ్చే వాంతులకు వాడిన స్కోపోలమైన్‌ది, అదీ ఈ కోవలోదే.

నీటిలో కరిగి విద్యుదావేశంతో ఉండే అణువులది మరో దారి. అవి ఆ కొవ్వు సందుల్లోంచి పోలేవు. అలాంటి మందును తడిపిన మెత్త మీద పోసి, దాని మీద అదే ఆవేశమున్న ఎలక్ట్రోడ్ పెట్టి, కొంచెం దూరంలో రెండో ఎలక్ట్రోడ్ అతికించి, ఒకే దిశలో సన్నని కరెంటు పంపితే, సజాతి ఆవేశాలు వికర్షించుకుంటాయని మనం హైస్కూల్లో చదివిన సూత్రం ప్రకారం మందు అయాన్లు చర్మంలోకి నెట్టబడతాయి. స్వేదగ్రంథుల నాళాలు, వెంట్రుకల మొదళ్లు వాటికి ముఖ్యమైన దారులు. దీనినే అయాంటోఫోరెసిస్ అంటారు. 20వ శతాబ్దం తొలి ఏళ్లలో ఫ్రాన్సుకు చెందిన స్తెఫాన్ లెడ్యూక్ అనే వైద్యుడు రెండు కుందేళ్లతో దీన్ని నిరూపించాడు. రెంటినీ ఒకే కరెంటు దారిలో కలిపి, ఒకదాని చర్మం మీద ప్లస్ వైపున స్ట్రిక్నిన్ విషాన్నీ, రెండోదాని మీద మైనస్ వైపున సయనైడ్‌నూ ఉంచి కరెంటు పంపితే, మొదటిది మూర్ఛలతోనూ రెండోది సయనైడ్ విషంతోనూ చనిపోయాయి. ధ్రువాలను తారుమారు చేసి అదే కరెంటు పంపినప్పుడు కుందేళ్లకు ఏమీ కాలేదు. ప్రయోగం క్రూరమైనదే గానీ, ఈ విద్యలో ఏ మందు ఏ ధ్రువం కింద ఉండాలన్నది ఎంత ముఖ్యమో దానికంటే స్పష్టంగా చెప్పినది మరొకటి లేదు. మత్తుమందు లిడోకైన్ ప్లస్ కింద ఉండాలి. వాపు తగ్గించే డెక్సామెథాసోన్ ఫాస్ఫేట్ మైనస్ కింద ఉండాలి. తారుమారైతే మందును చర్మంలోకి నెట్టవలసిన బలమే దాన్ని మెత్తలో పట్టి ఉంచుతుంది.

ఇక మోతాదు. ఎన్ని మిల్లీ ఆంపియర్ల కరెంటు, ఎన్ని నిమిషాలు అన్న రెంటినీ గుణిస్తే వచ్చేదే ఇక్కడ మోతాదు కొలత. ఫిజియోథెరపీలో డెక్సామెథాసోన్‌కు సాధారణంగా 40 నుంచి 80 మిల్లీ ఆంపియర్ నిమిషాల దాకా పెడతారు. అంటే 4 మిల్లీ ఆంపియర్ల చొప్పున పది నిమిషాలో, ఇరవై నిమిషాలో. ఇందులో ఎంత మందు వెళ్లగలదో, పారిన కరెంటును బట్టి కదిలే పదార్థం ఎంతో చెప్పే ఫారడే సూత్రంతో ఎవరైనా లెక్క వేయవచ్చు. 40 మిల్లీ ఆంపియర్ నిమిషాలంటే 2.4 కూలుంబులు. ఒక్కో అణువుకు ఒక్కో ఆవేశం ఉండి, అణుభారం 300 ఉన్న మందును తీసుకుంటే, ఆ కరెంటునంతా మందే మోసిందని ఉదారంగా అనుకున్నా లోపలికి వెళ్లేది ఏడున్నర మిల్లీగ్రాములు. నిజానికి అందులో అధిక భాగాన్ని మోసేవి ఒంట్లోనూ మెత్తలోనూ ఉన్న సోడియం, క్లోరైడ్ అయాన్లు. మందు వాటా అందులో చిన్న భాగమే. పారాసెటమాల్ మాత్రలో 500 మిల్లీగ్రాములు ఉంటుంది. కనుక వందల మిల్లీగ్రాములు కావలసిన మందును ఈ దారిలో పంపడం కుదరదు. అతి తక్కువ మోతాదుతో పనిచేసే మందులకూ, పెట్టిన చోట మాత్రమే పనిచేయవలసిన మందులకూ ఇది పనికొస్తుంది. అన్ని మాత్రలూ మానేయవచ్చన్న మాట ఈ చిన్న గుణకారం ముందు నిలవదు.

చక్కెర వ్యాధి గురించిన మాట అన్నిటికంటే ప్రమాదకరం. పాత్రపురం వైపు నుంచి వచ్చిన ఒక పెద్దావిడ కరపత్రాన్ని నాలుగు మడతలు పెట్టి కొంగున కట్టుకొచ్చి, "ఈ పట్టీ యేసుకుంటే ఇన్సులిన్ సూది అక్కర్లేదంట కదా బాబూ, కాగితంలో రాసున్నాది" అని నన్ను అడిగింది. ఆమె మనవడికి పదకొండేళ్లు. ఆ వయసులో సాధారణంగా వచ్చే చక్కెర వ్యాధికి ఇన్సులిన్ తప్ప వేరే ఆధారం లేదు, మానేస్తే ఒకటి రెండు రోజుల్లోనే రక్తంలో ఆమ్లం పెరిగి ప్రాణం మీదికి వస్తుంది. ఇన్సులిన్ అణుభారం సుమారు 5,800. నేను పైన చెప్పిన 500 హద్దుకు పది రెట్ల కంటే ఎక్కువ. జంతువుల మీద దశాబ్దాలుగా పరిశోధనలు జరుగుతూనే ఉన్నాయి గానీ, కరెంటుతో ఇన్సులిన్ ఎక్కించే పట్టీ ఏదీ వైద్యుల చేతికి రాలేదు. ఇక్కడ జనం పొరబడడానికి ఒక కారణం ఉంది. పట్నంలో కొందరి జబ్బకు గుండ్రని బిళ్ల అతికించి ఉండడం మనం చూస్తున్నాం. అది చక్కెరను కొలిచే సెన్సర్ మాత్రమే, మందు ఇవ్వదు. ఒంటికి అతికించే ఇన్సులిన్ పంపులు కూడా ఉన్నాయి, కానీ వాటి అడుగున సన్నని గొట్టం చర్మంలోకి దిగే ఉంటుంది. రెండూ కరెంటు పట్టీలు కావు. ఆ పెద్దావిడకు ఇదంతా చెప్పి, సూది ఒక్క పూట కూడా ఆపవద్దని చెప్పి పంపాను. కొంగున కరపత్రం కట్టుకుని దుకాణందాకా రాలేని వాళ్లకు ఎవరు చెబుతారన్నదే నా బెంగ.

అసలు అమ్ముతున్నదేమిటో కూడా మీ పాఠకులకు తెలియాలి. సూరత్ మరమగ్గాల మీద పనిచేసి సెలవుకు వచ్చిన ఒకతను తాను కొన్న పెట్టెను దుకాణానికి తెచ్చి చూపించాడు. (గంజాం జిల్లా నుంచి సూరత్ మగ్గాలకు వెళ్లని ఊరు లేదంటే అతిశయోక్తి కాదు, రోజంతా నిలబడి చేసే ఆ పనితో భుజాలు, నడుములు పాడైపోయి వచ్చేవాళ్లే మా దుకాణాల్లో నొప్పి మందులకు పెద్ద గిరాకీ.) పెట్టెలో అరచేయంత జిగురు ప్యాడ్లు రెండు, ఒక తీగ, రెండు చిన్న పెన్సిల్ బ్యాటరీలతో నడిచే రిమోటు లాంటి డబ్బా ఉన్నాయి. డబ్బాకు ఒకటి నుంచి తొమ్మిది దాకా మెట్లు ఉన్నాయి గానీ ఒక్కో మెట్టుకు ఎంత కరెంటో ఎక్కడా లేదు. తీగ రెండు కొసలూ ఒకే నలుపు, ప్లస్ మైనస్ గుర్తులు లేవు. మందు ఎక్కడ పోయాలో, ఏ మందు పోయాలో చెప్పే కాగితం లేదు. ఉన్న కాగితం చైనా భాషలోనూ ముక్కల ఇంగ్లీషులోనూ ఉంది. అది టెన్స్ అనే యంత్రం. నరాలను చిన్న చిన్న తట్టులతో ఉత్తేజపరిచి నొప్పి తెలియకుండా చేయడం దాని పని. ఆ పని కొందరికి కొంతసేపు బాగానే చేస్తుంది, దాని విలువ దానికి ఉంది. కానీ అందులో కరెంటు ఒక క్షణం ఇటు, మరుక్షణం అటు పోతుంది, రెండు దిశల లెక్కా కలిపితే మిగిలేది సున్న. ఇటు నెట్టిన మందును అటు లాగే కరెంటు మందును ఎక్కించలేదు. అలాంటి యంత్రాన్ని మందు ఎక్కించే పట్టీ అని అమ్మడం మోసం.

ఆ కుర్రాడు అమ్మినవాడి సలహా మీద ప్యాడు కింద నొప్పి జెల్ రాసుకుని, గట్టిగా పెట్టుకుని, రాత్రంతా అలాగే నిద్రపోయాడు. మనకు దుకాణాల్లో దొరికే నొప్పి జెల్లులలో చాలావాటిలో డైక్లోఫెనాక్‌తో పాటు అవిసె నూనె, మిథైల్ సాలిసిలేట్, మెంథాల్ కలిపి ఉంటాయి. ఆ జిడ్డు మీద ప్యాడు సరిగ్గా అతుక్కోక ఒక అంచు లేచిపోయింది. కరెంటంతా అతుక్కున్న కొద్దిపాటి చోటు గుండా పోయి, రూపాయి బిళ్లంత మేర తోలు ఎర్రబడి, ఒక పక్క పొర ఊడి వచ్చింది. చల్లదనం పుట్టించే మెంథాల్ వల్ల కాలుతున్న సంగతి కూడా అతనికి తెలియలేదు. ఫిజియోథెరపీ దగ్గరికి వెళ్లి వచ్చినవాళ్లు "కరెంటు పెట్టించుకున్నాను" అనే మాట కింద మనవాళ్లు అన్ని యంత్రాలనూ కలిపేస్తారు. రెండు కరెంట్లను కలిపి నొప్పి తగ్గించే ఐఎఫ్‌టీ అయినా, టెన్స్ అయినా, కండరాలను కదిలించే యంత్రమైనా అదే మాట. జెల్ రాసి గుండ్రని తలతో రుద్దేది అల్ట్రాసౌండ్, దానివల్ల ఒంట్లోకి కరెంటే పోదు. కరెంటు యంత్రాల్లో మందును లోపలికి పంపేది ఒక దిశలోనే ప్రవహించే కరెంటు ఒక్కటే, దాన్ని పెట్టేటప్పుడు మెత్త మీద మందు పోయడం మీ కళ్ల ముందే జరుగుతుంది.

నిజమైన అయాంటోఫోరెసిస్‌కు కాల్చే గుణం ఇంకా ఎక్కువ, దాని సంగతి దాచకూడదు. ఒకే దిశలో కరెంటు పోతున్నప్పుడు ఎలక్ట్రోడ్ల దగ్గర నీరు విడిపోయి ప్లస్ వైపు ఆమ్లం, మైనస్ వైపు క్షారం పుడతాయి. వేడి లేకుండానే, ఈ రసాయనం వల్లనే చర్మం కాలుతుంది. మైనస్ వైపు క్షారంతో కాలినది లోతుగా ఉంటుంది, మానడానికి చాలా రోజులు పడుతుంది. అందుకే చదరపు సెంటీమీటరుకు అర మిల్లీ ఆంపియర్ దాటకూడదన్న హద్దు పెట్టుకున్నారు. మంచి ఎలక్ట్రోడ్లలో వెండి, వెండి క్లోరైడ్ పూత వాడి ఆమ్లక్షారాలు పుట్టకుండా చూస్తారు. చక్కెర వ్యాధితో పాదాల స్పర్శ పోయినవాళ్లకు మంట తెలియదు కాబట్టి వాళ్లకు పెట్టకూడదు. గుండెకు పేస్‌మేకర్ ఉన్నవాళ్లకూ, గర్భిణులకూ, పెట్టే చోట ఎముకలో రాడ్డో ప్లేటో ఉన్నవాళ్లకూ, పుండో గాయమో ఉన్న చోటా పెట్టకూడదు.

కంపెనీలు కోట్లు ఖర్చుపెట్టి, పరీక్షలన్నీ చేసి తెచ్చిన పట్టీలే ఇక్కడ తడబడ్డాయి. పార్శ్వపు నొప్పికి వాడే సుమాట్రిప్టాన్‌ను బ్యాటరీతో ఎక్కించే జెక్యూయిటీ అనే పట్టీకి 2013లో అమెరికా ప్రభుత్వ ఔషధ సంస్థ అనుమతి ఇచ్చింది. పట్టీలో ఉన్న మందు 86 మిల్లీగ్రాములు, నాలుగు గంటల్లో ఒంట్లోకి వెళ్లేది ఆరున్నర మిల్లీగ్రాములు. పట్టీలో ఉన్నదంతా మోతాదు కాదనడానికి ఇంతకంటే నిదర్శనం అక్కర్లేదు. 2015లో దుకాణాలకు వచ్చిన ఆ పట్టీ వల్ల చర్మం కాలి మచ్చలు పడ్డాయని ఫిర్యాదులు రాగా 2016 జూన్‌లో కంపెనీ అమ్మకం ఆపేసింది. ఆపరేషన్ తరువాతి నొప్పికి రోగి తానే మీట నొక్కి ఫెంటానిల్ తీసుకునేలా చేసిన అయాన్సిస్ 2006లో అనుమతి పొందింది. నొక్కినప్పుడల్లా పది నిమిషాల్లో 40 మైక్రోగ్రాములు, అదీ ఆసుపత్రిలో ఉన్నంతసేపే. లోపలి భాగం ఒకటి తుప్పుపట్టి తనంతట తానే మందు ఎక్కించే ప్రమాదం కనబడడంతో 2008లో యూరప్ మార్కెట్ నుంచి వెనక్కు తీసుకున్నారు. ఎవరో రంగుల పెట్టెలో పెట్టి ఏ పరీక్షా లేకుండా అమ్మే ప్యాడును నమ్మమంటే నాకు మనసు ఒప్పడం లేదు.

ఇంత చెప్పాక, ఈ కరెంటు ఎక్కడ నిజంగా మేలు చేస్తుందో చెప్పకపోతే లేఖ అన్యాయమవుతుంది. సిస్టిక్ ఫైబ్రోసిస్ అనే పుట్టుకతో వచ్చే ఊపిరితిత్తుల జబ్బును పిల్లల్లో కనిపెట్టడానికి 1959లో గిబ్సన్, కుక్ అనే ఇద్దరు రూపొందించిన చెమట పరీక్ష ఈనాటికీ ప్రపంచమంతటా ప్రామాణికం. చేతి మీద పైలోకార్పిన్‌ను కొద్ది నిమిషాలు కరెంటుతో ఎక్కిస్తే ఆ చోటే చెమట పడుతుంది, ఆ చెమటలో క్లోరైడ్ లీటరుకు 60 మిల్లీమోల్‌లు గానీ అంతకు మించి గానీ ఉంటే జబ్బు ఉన్నట్టు. సూది లేకుండా చర్మానికి మత్తు ఇవ్వడానికి లిడోకైన్ ఎక్కించడం మరొకటి. మోచేయి నొప్పికీ మడమ నొప్పికీ డెక్సామెథాసోన్ ఎక్కించడం ఫిజియోథెరపీలో ఉంది. దానివల్ల కొన్ని వారాలపాటు ఊరట ఉంటుందని కొన్ని పరిశీలనల్లో తేలింది, కొన్నిటిలో తేలలేదు. నేనైతే దాన్ని వ్యాయామానికి తోడుగానే చూస్తాను. మగ్గం మీద కూర్చునే నేతగాడికి భుజం కదిలించే వ్యాయామం నేర్పకుండా మందు ఒక్కటే ఎక్కిస్తే నొప్పి మళ్లీ వస్తుంది.

కానీ మా ప్రాంతానికి అన్నిటికంటే పనికివచ్చేది, ఏ మందూ అక్కర్లేనిది, కరపత్రంలో ఒక్క ముక్క కూడా లేనిది మరొకటి ఉంది. అరచేతుల్లో అరికాళ్లలో అదుపు లేకుండా చెమట పట్టేవాళ్లకు మామూలు నీటిలో చేతులు ఉంచి కరెంటు పంపే వైద్యం అది. గోపాలపురం సముద్రపు గాలి తగిలే మా ఊళ్లో ఉక్కపోతకు అందరికీ చెమట పడుతుంది, నేను చెప్పేది అది కాదు. డిసెంబరు చలిలో కూడా అరచేయి వాలిస్తే కాగితం తడిసిపోయేవాళ్లు ఉంటారు. మా వీధిలో పట్టు నేసే ఇంటి అమ్మాయి ఒకతె బ్యాంకు పరీక్షలకు వెళ్తూ చేతి కింద చేతిరుమాలు పరుచుకుంటుంది. నేత పని తాను ముట్టుకోదు, ఎందుకంటే లేత రంగు పట్టు నూలు మీద తన చేతి తడి మరకలు పడతాయి. రేషను డిపోలో వేలిముద్ర యంత్రం ఆమె వేలిని ఒప్పుకోదు. నాలుగు సార్లు తుడుచుకుని, చీర కొంగుకు ఒత్తుకుని, మళ్లీ పెట్టి, వెనక వరసలో వాళ్లు విసుక్కుంటుంటే పక్కకు తప్పుకుంటుంది. పెళ్లి చూపుల్లో చేతులు ఎందుకు దాచుకుంటోందని అడిగినవాళ్లూ ఉన్నారట. ఇది సిగ్గుపడవలసిన సంగతి కాదు, వైద్యమున్న జబ్బు.

పద్ధతి సులువైనదే. రెండు లోతు తక్కువ పళ్లేలలో ఎలక్ట్రోడ్లు పరిచి, వాటి మీద గుడ్డ కప్పి, చేతులు మునిగేంత నీరు పోసి, ఒక్కో పళ్లెంలో ఒక్కో చెయ్యి ఉంచాలి. కరెంటును నెమ్మదిగా పెంచుతూ 15 నుంచి 20 మిల్లీ ఆంపియర్ల దాకా తీసుకువెళ్లి ఇరవై, ముప్పై నిమిషాలు ఉంచుతారు. మొదట వారానికి మూడుసార్ల చొప్పున కొన్ని వారాలు చేస్తే చాలామందికి చెమట తగ్గుతుంది, ఆపైన వారానికి ఒకసారో, ఇంకా అరుదుగానో చేసుకుంటూ ఉండాలి. పూర్తిగా మానేస్తే చెమట తిరిగి వస్తుంది. ఉంగరాలు, గాజులు, వాచీ తీసేయాలి. చేతి మీద గీతలుంటే వాజలీన్ రాసుకోవాలి. కరెంటు నడుస్తుండగా చెయ్యి ఠక్కున బయటికి తీస్తే గట్టిగా కొడుతుంది కనుక ముందు మీటను సున్నకు తెచ్చాకే చేతులు తీయాలి. ఇక మా వైపువాళ్లు తప్పక తెలుసుకోవలసిన సంగతి ఒకటి. తాగడానికి తెప్పించుకునే ఆర్‌వో డబ్బా నీళ్లు ఇందుకు పనికిరావు. వాటిలో లవణాలు తీసేసి ఉంటారు కాబట్టి కరెంటు సరిగా పారదు. బోరు నీళ్లో, కుళాయి నీళ్లో వాడాలి. ఆ నీళ్లలోనూ లవణాలు మరీ తక్కువైతే చిటికెడు తినే సోడా వేయమంటారు. యంత్రం పాడైందనుకుని తిరిగి ఇచ్చేసేవాళ్లలో కొందరి యంత్రంలో ఏ లోపమూ ఉండదు, లోపమంతా నీళ్లదే.

దీన్ని వీడియోలు చూసి ఇంట్లోనే మొబైల్ ఛార్జరుతో, స్టీలు పళ్లేలతో చేసుకోవాలనుకునే కుర్రాళ్లు నా దగ్గరికి వస్తున్నారు. గోడ ప్లగ్గుకు తగిలించిన ఏ వస్తువునీ నీళ్ల పళ్లెంలో పెట్టి రెండు చేతులూ ముంచకూడదు. నాసిరకం ఛార్జరు లోపల ఒక్క భాగం పాడైతే 230 వోల్టులు ఒక చేతిలోంచి గుండె మీదుగా రెండో చేతికి పోతాయి. ఆ ప్రాణాపాయం ముందు చెమట ఏపాటిది? యంత్రం కొనేముందు చర్మవైద్యుణ్ని చూడాలి. బరంపురంలో ఎం.కె.సి.జి. వైద్య కళాశాల ఆసుపత్రి ఉండనే ఉంది. అరచేతులకు మాత్రమే కాక ఒళ్లంతా చెమట పడుతున్నా, రాత్రి నిద్రలో బట్టలు తడిసిపోతున్నా, బరువు తగ్గుతున్నా అది థైరాయిడో, క్షయో కావచ్చు, ఆ పరీక్షలు ముందు జరగాలి.

చివరగా మీ ముందు పెట్టదలచినవి రెండు విన్నపాలు. 1954 నాటి అభ్యంతరకర ప్రకటనల చట్టం ప్రకారం చక్కెర వ్యాధినీ, పక్షవాతాన్నీ నయం చేస్తామని ప్రకటన ఇవ్వడమే నేరం. మీ ప్రకటనల విభాగం పాటించే ఈ నియమాన్ని పత్రిక మడతలో కాగితాలు చేర్చే ఏజెంట్లకు కూడా వర్తింపజేస్తూ ఒక సర్క్యులర్ పంపితే మా జిల్లాకు ఎంతో మేలు. రెండోది, మీ ఆరోగ్య పేజీలో అరచేతుల చెమట గురించి చర్మవైద్యుల చేత ఒక వ్యాసం రాయించండి. ఒడిశాలో ఉండి ఒడియా చదవలేని తెలుగు కుటుంబాలు బరంపురం, పర్లాకిమిడి, గుణుపురం, రాయగడ పొడుగునా ఉన్నాయి. ఆసుపత్రిలో ఇచ్చే ఒడియా కాగితం వాళ్లకు అర్థం కాదు, అర్థమయ్యే భాషలో చేతికి వచ్చినది ఈ కరపత్రం ఒక్కటే.

పాఠకులకు కూడా ఒక మాట. 2020 ఏప్రిల్ 1 నుంచి మన దేశంలో వైద్య పరికరాలన్నీ ఔషధాల చట్టం కిందికి వచ్చాయి. అది కేంద్ర చట్టం కాబట్టి గిరిసోల సరిహద్దుకు ఇవతల గంజాంలోనూ, అవతల ఇచ్ఛాపురంలోనూ ఒకేలా వర్తిస్తుంది. అయినా కరపత్రం ఒక రాష్ట్రంలో అచ్చయి, సరుకు మరో రాష్ట్రంలో సంతలో అమ్ముడైనప్పుడు ఫిర్యాదు పట్టుకుని ఇటు అటు తిరగవలసి వస్తోంది. పెట్టె మీద తయారీదారు పేరు, చిరునామా, లైసెన్సు సంఖ్య, బ్యాచ్ సంఖ్య ఉన్నాయో లేదో చూసి, రశీదు ఇవ్వనివాడి దగ్గర కొనవద్దు. ఇప్పటికే కొన్నవాళ్లు పెట్టెనూ, రశీదునూ, ఒళ్లు కాలి ఉంటే దాని ఫొటోనూ దాచి ఉంచి, కొన్న చోటు ఏ జిల్లాలో ఉందో ఆ జిల్లా డ్రగ్ ఇన్‌స్పెక్టరుకు రాతపూర్వకంగా ఇవ్వండి. నోటిమాటతో చెప్పి ఊరుకోవద్దు.

భవదీయుడు,
ఒక ఫార్మసిస్టు,
బరంపురం, గంజాం జిల్లా, ఒడిశా.